పరశిల్పి పనితనమును పరీక్షించుట
(వీణల నిర్మాణమును మరమ్మతును గూర్చి మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ననుభవజ్ఞులు ప్రసంగించుచున్నారు. కార్యదర్శిగారు మా కొసఁగిన విషయము వేఱు. ఒక శిల్పి చేసిన పనిని మఱియొక శిల్పి చూచి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు ఏవిధముగాఁ జూడవలెను, ఏమి చెప్పవలెను, ఏమి చెప్పరాదు అనునది యా విషయము. మేము ఉలి పట్టి జీవించినవారము కాము. పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. అయినను వడ్రంగము మా యింటి వృత్తి. మా పితామహులును పెదతండ్రియు వీణలకు మేళము కట్టినవారు. మైనము కరఁగు వాసన మాకు అమరకోశముకంటె ముందుగాఁ బరిచయమైనది. ఆ చనువుతోనే మాటలాడుచున్నాము.

పనులన్నిటినిఁ గలిపి చెప్పిన నొకదానికిని న్యాయము జరుగదు గనుక వీణ నొక్కదానినే తీసికొనుచున్నాము. బండిచక్రమునందలి లోపము నెలదినములలో బాటమీఁదనే బయటపడును. తలుపులోని లోపము వానకాలములోఁ దెలియును. వీణ యట్లు కాదు. దాని గుణదోషములు కంటి కగపడుటకంటెఁ జెవికి వినఁబడుట యెక్కువ. అవియును మూఁడు నాలుగేండ్లు గడచినఁ గాని తేలవు. ఆలోపల నది యిద్దఱు ముగ్గురు మరమ్మతుదారుల చేతులలోఁ బడియుండును. కావున నేఁడు మన యెదుట నున్న వీణలో చేసినవాని పని యెంత, బాగుచేసినవాని పని యెంత, వాయించినవారి వాడుక యెంత, పనసచెక్క స్వభావ మెంత యని విడఁదీయుట సులభము కాదు. విడఁదీయకుండఁ దీర్పు చెప్పుట మాత్రము మిక్కిలి సులభము. మనవారిలోఁ బెక్కండ్రు ఆ సులభమైన పనినే చేయుచున్నారు.

మరమ్మతునకు వచ్చిన వీణను ఒడిలోనికిఁ దీసికొనఁగనే ‘ఇది యెవరు చేసినారు?’ అని యడుగుట వాడుకయైనది. పేరు తెలిసిన తరువాత లోపములు కనఁబడ నారంభించును. పేరు బంధువునిదైనఁ దక్కువగాను, పొరుగూరివానిదైన నెక్కువగాను గనఁబడును. మేము చిన్నప్పుడు చూచిన పెద్దలు ఈ ప్రశ్నను చిట్టచివర నడిగెడివారు. కొందఱు అసలే యడుగకుండిరి.

దీనివలని నష్ట మెట్టిదో యొక యుదాహరణమును జెప్పుదుము. ఊరు పేర్లు వలదు. కొన్ని యేండ్ల క్రిందట మా పొరుగు గృహస్థు లొకరు కొమార్తెకు వీణ కొనియిచ్చిరి. చేసినవాఁడు చిన్నవాఁడు, తండ్రి గతించిన పిదప స్వతంత్రముగాఁ జేసిన మూఁడవదో నాల్గవదో వీణ యది. రెండేండ్లు చక్కఁగాఁ బలికినది. నడుమ నొకమాఱు బండిలోఁ దీసికొనిపోవునప్పుడు దెబ్బ తగిలిన, దగ్గఱ నున్న యెవరో అతికియిచ్చిరి. మూఁడవయేట మంద్రతంత్రిని మీటినప్పుడెల్ల నొక జీర పుట్టసాగెను. వేఱొక పట్టణమునందలి మరమ్మతుదారునియొద్దకుఁ గొనిపోయిరి. ఆయన కుండ యంచున నున్న చిన్న పగులును జూచి, ‘ఇది పచ్చిచెక్క, ఆఱకుండఁ గోసినారు, దీనికి మందు లేదు’ అని యొక్కమాటలోఁ దేల్చెను. ఆ మాట గృహస్థునినుండి సంగీతము చెప్పు పంతులమ్మగారికిని, ఆమెనుండి తక్కిన శిష్యురాండ్ర యిండ్లకును బ్రాఁకెను. ఆ యేఁడు చిన్నవానికి రావలసిన రెండు వీణల పని రాలేదు. అతఁడు వీణలు మాని కిటికీలు చేయఁ జొచ్చెను.

ఆ వీణ యటుపిమ్మట మూలఁ బడియుండఁగా, మా యింటికి వచ్చిన వృద్ధశిల్పి యొకరికి మేమే దానిని జూపితిమి. ఆయన చూచిన క్రమము విశదముగాఁ జెప్పవలసియున్నది. మొదట నాయన వీణను ముట్టలేదు. అమ్మాయిని వాయింపుమని, కన్నులు మూసికొని వినెను. ఏ తంత్రికి, ఏ మెట్టున, ఎంత బలముగా మీటిన జీర వచ్చుచున్నదో రెండుమూఁడు మాఱులు వినిన తరువాతనే దగ్గఱకుఁ దీసెను. తంత్రులు సడలించి, దండి యీ కొననుండి యా కొనకు దారము బిగించి చూచెను. దండి తిన్నగా నున్నది. పచ్చిచెక్కయైనచో మొదట వంగునది, మెలికపడునది దండియే. తరువాత పైపలక కుండతోఁ గలియు నంచు వెంబడి వ్రేలిగోటితో మెల్లగాఁ దట్టుచుఁ బోయెను. అంతటను గట్టిగా మ్రోఁగినది. జానెడు మేర మాత్రము బోలుగాఁ బలికెను. ఆఱని చెక్క కుదించుకొనునపుడు ఒక్కజానెడు చోటనే కుదించుకొని యూరకుండదు గదా.

అప్పుడు పగులును జూచెను. పనసచెక్క కోసిన క్రొత్తలోఁ బసుపువన్నెగా నుండి, గాలి తగిలినకొలఁది నెఱ్ఱనై, గోధుమవన్నెకుఁ దిరుగునని మీ రెఱుఁగుదురు. పగులు పెదవులను విడఁదీసి చూచిన లోపల నింకను బసుపే యున్నది. పైపూఁత పగులులోనికి దిగలేదు. పూఁత వేసిన నాఁటికే పగులున్నచో రంగు లోనికిఁ బాఱి నల్లని గీఁతవలెఁ గనఁబడవలెను. కావున నీ పగులు పూఁతకు వెనుకటిది, అంతగాఁ బాఁతది కూడఁ గాదు. దాని చెంతనే పూఁతక్రింద నణఁగిన గుంట యొకటి చేతికిఁ దగిలెను. దెబ్బ తగిలిన చో టదియే. ఆ యంచును అతికినవారు పాఁత లక్కను గీయకుండ దానిమీఁదనే జిగురు రాచినారు. జిగురు లక్కను బట్టుకొన్నది గాని చెక్కను బట్టుకొనలేదు. మంద్రము మ్రోఁగునప్పుడెల్ల నా యంచు వడఁకి జీర పుట్టుచున్నది.

ఆయన పాఁత లక్కను గీసి, క్రొత్తజిగురు పెట్టి, కట్టు బిగించి మూఁడుదినము లుంచెను. వీణ పలికెను. మాకు మిక్కిలి నచ్చిన దేమనఁగా, ఆయన అతికినవానినిఁ గాని తీర్పు చెప్పినవానినిఁ గాని యొక్కమాట యనలేదు. ‘ఇచ్చట జిగురు పట్టలేదు’ అనెను, అంతే. అయితే యీ రెండవ తీర్పు వెలువడునప్పటికి ఆ చిన్నవాఁడు కిటికీల పనిలో స్థిరపడెను. ఇప్పటికిని అందే యున్నాఁడు.

తర్కము చదివినవారు మొదటి తీర్పులోని దోషము నిట్టే పట్టుకొందురు. పొగను జూచి నిప్పు నూహించుట సాధువు. ఏలయన నిప్పు లేనిచోఁ బొగ యుండదు. జీరను విని పచ్చిచెక్క నూహించుట యట్టిది కాదు. పచ్చిచెక్క లేనిచోటులఁ గూడ జీర యుండును. తార్కికులు దీనిని సవ్యభిచార హేతువందురు. మెట్టు క్రింది మైనము సడలిన జీర వచ్చును. ఒక మెట్టు దిగి ప్రక్కమెట్టు లేచియున్న వచ్చును. తంత్రి త్రుప్పుపట్టినను మెలికపడినను వచ్చును. లంగరు సడలినను, యాళిముఖమునఁ జెక్కిన చిన్న యలంకారపు ముక్క యూడినను వచ్చును. ఒక యింట వీణను విప్పి మెట్లన్నియు సరిచూచి విసిగిన పిమ్మట, ఆ జీర గోడమీఁది పటమునకుఁ గట్టిన సన్నని గొలుసుదని తెలిసినది! ఇవి యన్నియుఁ గడచినఁ గాని చెక్కమీఁదికిఁ బోరాదు. ఆడలేక మద్దెల ఓడనుట యొకటి. మద్దెలను జూడకయే ఓడనుట మఱొకటి.

గుఱ్ఱము విషయ మింకొకటి. తంత్రులు మోయు నీ గుఱ్ఱముమీఁది లోహపుఁబలక చదునుగా నుండదు. మిక్కిలి సన్నని వంపుతో నుండును. 1921వ సంవత్సరమున చంద్రశేఖర వేంకటరామన్ గారు కలకత్తాలో వీణాతంబురల నాదమును బరీక్షించి ప్రకటించిరి. తంత్రిని ఏచోట మీటుదుమో ఆచోటఁ జలింపని యుపస్వరములు వినఁబడరాదని పాశ్చాత్య శాస్త్రజ్ఞుల నియమము. మన వీణలో నవియును స్పష్టముగా వినఁబడుచున్నవనియు, దీనికిఁ గారణము వెడల్పయి వంపుగల గుఱ్ఱమేయనియు నాయన చూపిరి. మన పూర్వులు ఆకురాతితో వెండ్రుకవాసి వంపు దిద్దుటలో నింత యున్నది. మరమ్మతుదారుఁడు తంత్రి గాఁట్లు పోఁగొట్టుటకై యా పలకను జదునుగా రాచివేసినచో నాదము చచ్చును. అటుపిమ్మట ‘చెక్కలోనే నాదము లేదు’ అనిన నా చెక్క యెవరితో మొఱ పెట్టుకొనఁగలదు?

మేళమును గూర్చి కొంచెము. 24 మెట్లును మైనముమీఁద నిలిచియున్నవి. మైనము వేసవిలో మెత్తనగును. ఏండ్లు గడచినకొలఁది బిరుసై పగులును. కావున నొకరి మేళము తప్పినదని చెప్పుటకు ముందు, అది కట్టి యెన్ని యేండ్లయ్యెనో, ఆ వీణ ఎండ తగులు గోడప్రక్క నుండెడిదో యడుగవలెను. పండ్రెండవ మెట్టు తంత్రి పొడవులో సగమునఁ బడవలెనని దారము మడఁచి కొలుచుట మంచి పద్ధతియే. కాని వ్రేలితో నొక్కినపుడు తంత్రి సాగి స్వరము రవంత హెచ్చును గనుక, నిపుణుఁడు దానిని లెక్కించి మెట్టును గొంచెము జరుపును. ఆ జరుపును దప్పనుకొన్నవాఁడు తనకుఁ దెలియనిదానిని దూషించినవాఁ డగుచున్నాఁడు. ఇప్పుడు చేతిఫోనులో శ్రుతి చూపు ముల్లు వచ్చినది. అది స్థాయిని 12 సమభాగములు చేసి చూపును. వైణికుని చెవి యంతరగాంధారమును అంతకంటె నించుక దిగువఁ గోరును. ముల్లుచేత మేళమును దిట్టువారు, 1550వ సంవత్సరమున స్వరమేళకళానిధిలో రామామాత్యుఁడును, పదునేడవ శతాబ్దమునఁ జతుర్దండీప్రకాశికలో వేంకటమఖియు వీణకుఁ బ్రత్యేక ప్రకరణములు వ్రాయుట యెందులకో యాలోచింపవలెను.

ఏకాండి వీణయా, అతుకుల వీణయా యను వాదము మన సభలలోఁ దఱచు వినఁబడును. బొబ్బిలిచెంతఁ గల గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరములుగా నొక్క పనసమ్రానినుండియే కుండయు దండియుఁ దొలిచి వీణను వెలయించుచున్నారు. అది గొప్ప పని. తంజావూరిలో భాగములను విడివిడిగాఁ జేసి యతుకుట కలదు. అదియును గొప్ప పనియే. ఏకాండి యనఁగనే మేలైనదనియు, అతుకనఁగనే తక్కువదనియుఁ దలఁచుట పామరత్వము. అతుకుపని చూచువాఁడు చెక్కనార యే వైపునుండి యే వైపునకుఁ గలిసినదో, కీలు గోటికిఁ దగులుచున్నదో లేదో చూడవలెను గాని, అతుకున్నదని మొగము చిట్లింపరాదు. నగరములలోని క్లబ్బులయందు బిలియర్డ్సు ఆడు కఱ్ఱ నిట్లే మేజాబల్లపై దొర్లించి, కొన యెగిరినంత మాత్రమునఁ ‘బనికిరాద’ని పాఱవేయువారు గలరు. కఱ్ఱలు రెండును తిన్ననివే యైనను నడిమి కీలు రవంత యొఱగినఁ జాలును, కొన యెగురును. దొర్లించుటచేత వంక యున్నదని తెలియును. ఎచ్చట నున్నదో, ఎవరిదో తెలియదు. ఆ తెలియుటకు విప్పి చూడవలెను.

మమ్మటుఁడు కావ్యప్రకాశమున సప్తమోల్లాసము నంతయు దోషములకే కేటాయించెను. ముందుగా నాతఁడు దోషమనఁగా నేమో చెప్పెను: ప్రధానమైనదానిని జెఱచునదే దోషము. కావ్యమునఁ బ్రధానము రసము. వీణయందుఁ బ్రధానము నాదము. దాని వెంట గమకమున కనువగు మెట్టు, శ్రుతి నిలుచు బిరడ. వీనిని జెఱపనిది దోషము కాదు, రుచిభేదము మాత్రమే. యాళి కన్ను చిన్నదైనది, లతలు దట్టముగాఁ జెక్కలేదు, రంగు ముదురుగా నున్నది అని ప్రదర్శనశాలలో నరగంట తిట్టుకొనువారిని మేము చూచినాము. ఆ యరగంటలో నొక్కరును తంత్రి మీటలేదు.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తు లను నిరువురు నాట్యాచార్యులు తమలో నెవఁ డధికుఁడని కలహించి రాజు నొద్దకుఁ బోవుదురు. రాజు తానొక్కఁడే తీర్పు చెప్పిన పక్షపాతమనుకొందురని, దేవిని బిలిపించి, పండితురాలైన పరివ్రాజికను బ్రాశ్నికురాలిగా నిలిపెను. ఆమె రెండు మాట లనెను. ఆచార్యుని శక్తి శిష్యునియందుఁ జూడవలెను. పాత్రములు నిండు వేషము లేకుండఁ బ్రవేశింపవలెను, అవయవముల సౌష్ఠవము స్పష్టముగాఁ గనఁబడుటకు. వీణకు నిండువేషమనఁగాఁ బైపూఁత. పూఁత పడిన తరువాత నతుకులును, ముడులును, పూడ్చిన బొక్కలును నొక్కటే మెఱుఁగులో మునిఁగిపోవును. పోటీలకు వీణలను బూఁత వేయకముందే తెప్పింపవలెనని మేము చాలకాలముగాఁ గోరుచున్నాము. ఇంతకును ఆ నాటకమున గణదాసుని శిష్యురాలి యాట ముగియఁగనే మధ్యాహ్న మయ్యెనని సభ లేచిపోయినది. హరదత్తుని వంతు రానేలేదు. మన పోటీలలో నిట్టి మధ్యాహ్నములు పెక్కు వచ్చుచున్నవి.

ఇఁక నేమి చెప్పవలెననునది. వీణ తెచ్చినవారికిఁ గావలసినవి: ఇప్పుడున్న లోప మేది, బాగగునా, ఎంత వ్యయము, ఎంతకాలము నిలుచును. ఇంతవఱకుఁ జెప్పుట మరమ్మతుదారుని విధి. తప్పెవరిదని వారడిగినను, చెక్క చూపుచున్నంతవఱకే చెప్పవలెను; చూపనిదానిని జెప్పరాదు. అయితే దీనిని మోసమును గప్పిపుచ్చుటగా నెవరును గ్రహింపరాదు. అతుకుల వీణను ఏకాండియని, ఏకాండి వెలకు నమ్మినవాఁడున్నచో, ఆ మాట కొన్నవారికిఁ జెప్పకుండుట ధర్మము కాదు. కులమువాఁడు గదాయని యూరకుండిన రేపు కులమంతయు మాటపడును. మొదట నమ్మినవానికి జాబు వ్రాసి, సొమ్ము తిరిగి యిచ్చుట కవకాశ మిచ్చుట యుక్తము. జాబునకు బదులు రానిచోఁ గొన్నవారితోఁ దేటగాఁ జెప్పవలెను.

పోషకుల కొక్క మనవి. తమలోఁ గొందఱు ఒక శిల్పి చేసిన వీణను మఱియొక శిల్పి యంగడికిఁ గొనిపోయి, ‘ఇది యెట్లున్నది? మీరైన నెంతకుఁ జేసెదరు?’ అని యడుగుదురు. బేరమునకై యడిగిన మాటకు బేరపు జవాబే వచ్చును. అది పరీక్ష కాదు. నిజముగాఁ దెలియఁగోరువారు చేసినవానినిఁ గూడఁ బిలిచి, అతని యెదుటనే చూపింపుఁడు. ఎదుట నుండఁగా ‘పచ్చిచెక్క’ యను మాట అంత సులభముగా నోటఁ బడదు. పడినను, చేసినవాఁడు దారము బిగించి చూపఁగలఁడు.

సంఘమువారిని మేము కోరునది స్వల్పము. వీణను జేసిన ప్రతివాఁడును తన పేరు, ఊరు, సంవత్సరము, చెక్క కోసిన కాలము ఒక చీటీపై వ్రాసి కుండలోపల నంటింపవలెను. పిమ్మట పైపలక నెత్తి మరమ్మతు చేసిన ప్రతివాఁడును తాను చేసిన దేదో, ఏ యేఁట చేసెనో దాని క్రింద నొక పంక్తి చేర్పవలెను. అట్లయినచోఁ బదియేండ్ల తరువాత విప్పినవాఁడు ఊహింపనక్కఱలేదు, చదువుకొనును. తాను వ్రాసినది రేపు మఱియొకఁడు చదువునని తెలిసినవాఁడు పాఁతలక్కపై జిగురు రాచుటకు జంకును. వివాదము వచ్చినచో ఇరుపక్షములనుండి యొక్కొక్క పెద్దయు, ఒక వైణికుఁడును గూర్చుండి, పేరు చెప్పకుండ వీణను మాత్రము వారియెదుట నుంచవలెను.

అట్టి చీటీకి మాదిరి యొకటి వ్రాసి కార్యదర్శిగారి కిచ్చినాము. అందు ఆఱు పంక్తులున్నవి. మరమ్మతులకు విడిచిన చోటు చాలదేమోయని మాకును సంశయము గలదు. ఉలి పట్టువారు భోజనానంతరము దానిని జూచి, ఏ పంక్తి యక్కఱలేదో, ఏది చేర్పవలెనో చెప్పుదురుగాక.